గేటు దగ్గరి మనిషి

త్రిమూర్తులు కంప్యూటర్‌కి దగ్గు పట్టుకుంది. దసరా వెళ్ళినప్పటి నుంచీ లోపలెక్కడో టక్కు టక్కుమనడం, కాసేపు ఊరుకోవడం, ఎవరో కూర్చుని వక్కలు కత్తిరిస్తున్నట్టు మళ్ళీ టక్కుమనడం. మొదట్లో అతను పట్టించుకోలేదు. త్రిమూర్తులు మాట్లాడుతుండగా ఇంకో చప్పుడు చెవిన పడాలంటే అది పిడుగై ఉండాలి.

రావులపాలెంలో అరటిగెలల మార్కెట్టు వెనక వీధిలో 'త్రినేత్ర డిజిటల్స్' అని బోర్డు కట్టుకుని, కింద దుకాణం, మీద కాపురంగా పెళ్ళి వీడియోలు తీసుకు బతికే మనిషి. "రెండు కళ్ళు అమ్మ ఇచ్చింది, మూడోది ఫైనాన్సు కంపెనీ ఇచ్చింది" అని ఆ బోర్డుకి తనే భాష్యం చెబుతాడు. కోడి కూసే వేళకి పెళ్ళింటికి చేరిపోవడం, కెమెరాకి ఏదైనా తెల్లటిది చూపించి రంగులు సరిచేసుకోవడం, మైకు పలుకుతోందో లేదో చూసుకోవడం, అక్కణ్ణించి అప్పగింతల దాకా అందరి మీదా కేకలేస్తూ తిరగడం. ఆయన గుసగుసలాడితే సన్నాయి ఆగి వింటుందని భజంత్రీల్లో ఒక మాట ఉంది.

రిపేరు షాపు మణిదీప్ వచ్చి, పేగుల చప్పుడు వినే డాక్టరులా పెట్టెకి చెవి ఆనించి, మొహం ముడుచుకున్నాడు.

"డిస్కు పోయేముందు చప్పుడండి బాబాయ్‌గారూ ఇది. ఇప్పుడు గాని ఆపితే మళ్ళీ లేస్తుందని చెప్పలేను. ఆపకండి. పాతవి తెరిచి చూడ్డాలూ అవీ పెట్టుకోకండి. దీని ఊపిరి ఎంత ఉంటే అంతా ఎక్కించడానికే వాడండి. బ్యాకప్ లేదాండి?"

"బ్యాక్ అప్పు, ఫ్రంట్ అప్పు, చుట్టూ అప్పే ఉందిరా నాకు. కావలసిన అప్పొక్కటే లేదు."

"ఎక్స్‌టర్నల్ డిస్కులు రెండు తెచ్చారు కదండీ, రాజమండ్రి నుంచి?"

త్రిమూర్తులు మెట్ల వైపు చూశాడు. మెట్ల మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న భార్య సూర్యకళ తల ఎత్తలేదు.

తెచ్చిన మాట నిజమే. అట్టపెట్టె విప్పకుండా దాచి, దసరా నాడు ఆయుధపూజకి మొదటిసారి బయటికి తీశారు. పీట మీద కెమెరాలు, వాటి పక్కన లైట్లు, లైట్ల పక్కన రెండు డిస్కులు. గంధం, కుంకుమ, అక్షింతలు. ఆ పీట ముందే కొబ్బరికాయ. ఒక డిస్కు తీగ దూర్చే చోట కొబ్బరినీళ్ళు తాగి, ఆ పూజలోనే కైలాసానికి చేరుకుంది.

"దాని పేరే డ్రైవురా. డ్రైగా ఉంచమని పేరులోనే రాసి పంపించారు కంపెనీవాళ్ళు. మీ పిన్ని దానికి తీర్థం పట్టించింది."

"బొట్టు పెట్టింది నేను" అంది సూర్యకళ చిక్కుడుకాయలకేసే చూస్తూ. "కాయ కొట్టింది మీరు. పుచ్చకాయ పగలేసినట్టు కొట్టద్దంటే విన్నారా?"

మణిదీప్ నవ్వు దిగమింగుకుని, ఇంకో డిస్కు ఎల్లుండికి తెప్పిస్తానన్నాడు. ఈలోగా ఉన్న ఒక్కదాంట్లో పట్టినంత ఎక్కించుకోవాలి. అన్నీ పట్టవు. పట్టినా, అన్నీ అయ్యేదాకా పాతది బతికి ఉంటుందని నమ్మకం లేదు. కాబట్టి ఏవి ముందు, ఏవి వెనక అన్నది తేల్చుకోవాలి.

"ఏరి, అక్కర్లేని ముక్కలు తీసేసి ఎక్కిస్తే ఇంకొన్ని పడతాయండి."

"ఏరే ఓపికుంటే ఎప్పుడో ఏరేవాణ్ణి. చెత్తతో సహా ఎక్కించెయ్."

త్రిమూర్తులు ఏర్పరచిన వరుస పంక్తి భోజనాల వరుసలాంటిదే. పెద్ద ఇళ్ళు ముందు. పెనుగొండ షావుకారు గారి పెళ్ళి, ధవళేశ్వరం ఇంజినీరు గారి పెళ్ళి, రైసుమిల్లు వారి పెళ్ళి. వీళ్ళు ఆల్బమ్ పోగొట్టుకుని, పెన్‌డ్రైవు పోగొట్టుకుని, ఎప్పుడో ఒకరోజు ఫోను చేసి "మనది ఉందిగా త్రిమూర్తులూ" అంటారు. ఉందండి అనకపోతే మర్నాటి నుంచి త్రినేత్రుడికి మిగిలేది బూడిదే.

తెర మీద, ఎంత ఎక్కిందో చూపే ఆకుపచ్చ గీత మెల్లగా పాకడం మొదలెట్టింది. ఇంకా పది నిమిషాలంటుంది, మరుక్షణం రెండు రోజులంటుంది. "అచ్చం మన ప్లంబరే" అన్నాడు త్రిమూర్తులు.

అరటికాయల కమీషను వ్యాపారి హరిబాబు మార్కెట్టుకి వెళ్తూ కనపడితే, గుమ్మంలోంచే కేకేశాడు.

"హరిబాబుగారూ, మీ పావనమ్మ పెళ్ళి కూడా ఎక్కించేస్తున్నానండి. ఇంక ఎన్ని యుగాలైనా చెక్కుచెదరదు."

హరిబాబు స్కూటరు ఆపి, దాన్ని స్టాండు వేసి, నెమ్మదిగా దగ్గరికొచ్చాడు.

"పెళ్ళే చెదిరిపోయిందయ్యా" అన్నాడు. "అమ్మాయి ఇంటికొచ్చేసింది. కాయితాలూ అయిపోయాయి. అది ఎక్కించకు. తీసెయ్. ఎప్పుడైనా ఎవరైనా అడిగితే లేదని చెప్పు."

త్రిమూర్తులు నాలుక చివర ఒక మాట తయారుగానే ఉంది. దాన్ని వక్కలా బుగ్గన పెట్టేసుకుని, "అలాగేనండి" అన్నాడు. హరిబాబు జేబురుమాలుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఆ పెళ్ళి అన్నిటికన్నా పెద్దది. మూడు కెమెరాలు, పైన ఎగిరే డ్రోను. అది తప్పుకుంటే నాలుగు పెళ్ళిళ్ళకి చోటొస్తుంది. దాన్ని వరుసలోంచి తీసి పక్కన పెట్టాడు గాని, చెరిపేయడానికి ఎందుకో వేలు వెంటనే ఆడలేదు.

*

మర్నాడు మధ్యాహ్నం చిట్టెమ్మ వచ్చింది. టిఫిన్ హోటళ్ళకి అరిటాకులు వేస్తుంది. నెత్తిమీద కట్ట దింపి గోడకి చేరేసి, దాని కింద చుట్టకుదురుగా చుట్టుకున్న తువ్వాలు విప్పి మొహం తుడుచుకుంది. ఒకప్పుడు తెల్లగా ఉండేదేమో. ఇప్పుడు అరటిమరకలు పడి, ఇది ఫలానా రంగు అని చెప్పడానికి లేకుండా ఉంది.

"కూర్చో చిట్టెమ్మా. ఆకులమ్మే మనిషివి, ఆకలేసే వేళకి వచ్చావు. అన్నం తిన్నావా?"

"తిన్నానండి, ఆయ్." గుమ్మంలోనే కూర్చుంది. "బాబూ, మిమ్మల్నొకటి అడగాలండి. మా ఆయన మీ వీడియోల్లో ఎక్కడన్నా ఉన్నాడేమో చూత్తారేంటండి?"

వాళ్ళాయన సత్తియ్య. ఈ చుట్టుపక్కల పెళ్ళి గేటుకి అరటిచెట్లు కట్టాలంటే సత్తియ్యే. గెలతో ఉన్న చెట్లు జోడీ తెచ్చి, గేటుకి చెరోపక్కా నిలబెట్టి, అరటినారతోనే బిగించి, గెల సరిగ్గా వచ్చేవాళ్ళ మొహానికెదురుగా ఉండేలా తిప్పేవాడు. నిరుటి వేసవిలో జ్వరమొచ్చి పోయాడు.

"ఫోటో లేదా ఇంట్లో?"

"ఆధారు కార్డులో ఉన్నాడండి. దొంగని పట్టుకుని నిలబెట్టినట్టుంటాడు. మొగం సంగతి కాదండి, మొగం గుర్తుంది." ఆమె తువ్వాలుని మోకాలి మీద పరిచి, మడత పెట్టి, మళ్ళీ విప్పింది. "గొంతండి. గొంతు జారిపోతంది. మొన్నటిదాకా పొయ్యి దగ్గర కూకుంటే పిలిచినట్టే ఉండేది. ఇప్పుడు ఎంత తలుచుకున్నా నా గొంతే ఇనపడతంది. ఒక్కసారి ఇంటే మళ్ళీ నిలబడుద్దేమోనని."

త్రిమూర్తులు కుర్చీలో కదిలాడు. సత్తియ్య అనగానే అతనికి గుర్తొచ్చేది ఒకటే మాట. ఆ మాట సత్తియ్యది కాదు. "సత్తియ్యా, తప్పుకో." పెళ్ళికూతురు కారు దిగుతుంటే గేటులో అడ్డంగా సత్తియ్య. వియ్యాలవారు ఎదురొస్తుంటే వంగిపోయిన చెట్టుని సరిచేస్తూ సత్తియ్య. ప్రతి పెళ్ళిలో తను అరవడం, అతను గోడవారకి జరిగిపోవడం. అరిచినా మిగిలిన భుజమో, తలపాగా చివరో ఉంటే, ఇంటికొచ్చి కంప్యూటర్లో కత్తిరించేవాడు. ఫ్రేము పానకంలా ఉండాలి, అందులో పుడకలుండకూడదన్నది అతని వృత్తిధర్మం.

"ఆఖరి జోడీ హరిబాబుగారి గేటుకే కట్టేడండి" అంది చిట్టెమ్మ. "అక్కణ్ణించి ఇంటికొచ్చి, మంచం ఎక్కినోడు మళ్ళీ దిగలేదు. అందులో ఉంటాడేమోనండి."

లోపల పెట్టె టక్కుమంది. త్రిమూర్తులు ఉలిక్కిపడ్డాడు.

"ఏంటండీ ఆ సప్పుడు?"

"అది పోయేలా ఉంది చిట్టెమ్మా. పోయేలోపు దాన్లో ఉన్నదంతా దీన్లోకి ఎక్కిస్తున్నాను." పక్కనున్న చిన్న డబ్బా చూపించాడు. అగ్గిపెట్టెకి అన్నలా ఉంది.

చిట్టెమ్మ దాన్ని తేరిపార చూసింది. "అరటిచెట్టు పనేనన్నమాటండి. గెల కొట్టేత్తే చెట్టు పోద్ది కదండీ. అందుకే ముందే పక్కన పిలక పెట్టేసుకుంటది. మా ఆయన గెల కొట్టేముందు పిలకలెక్కడున్నాయో చూసుకుని గాని కత్తెత్తేవాడు కాదండి."

"నాకు ఆ యోగం కూడా లేదు" అని త్రిమూర్తులు బట్టతల నిమురుకున్నాడు. "పిలక పెట్టుకుందామన్నా జాగా ఉంది గాని జుట్టు లేదు."

చిట్టెమ్మ తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత ఆకుకట్ట ఎత్తుకుంటూ, "ఊరికే సూడండి బాబూ. లేపోతే లేదు" అని వెళ్ళిపోయింది.

*

"కాపీ అయ్యిందా?" అంది సూర్యకళ పైనుంచి.

"ఏ కాపీ? నువ్వు పెడతానన్న కాఫీయా, నేను పెట్టిన కాపీయా?"

ఆ ఇంట్లో రెంటినీ కాపీ అనే అంటారు. ఆమె గ్లాసుతో కిందికి దిగి, మొగుడి మొహం చూసి, గ్లాసు చేతికివ్వకుండా బల్ల మీద పెట్టింది. ఆయన మాట విసిరి నవ్వకుండా ఊరుకున్నాడంటే ఏదో ఉందన్నమాట.

చెప్పాడు. హరిబాబు తీసెయ్యమన్నదీ, చిట్టెమ్మ అడిగిందీ. వరుసలో తరవాతిది రైసుమిల్లు వారి రెండో అమ్మాయిది. ఆ తరవాత తమ సొంత ఫోల్డరు. సూర్యకళ పుట్టింట్లో పండగలు, తమ పాతికేళ్ళ పెళ్ళిరోజు, ఆ రోజు ఆమె కట్టుకున్న గంధం రంగు ఉప్పాడ చీర.

"ఆ పెళ్ళి ఎక్కించాలంటే మనది ఆగాలి. మనది ఆగాక ఇది ఆగిపోతే, ఇంక మనది లేనట్టే."

సూర్యకళ కాసేపు ఆ గీత పాకడం చూసింది.

"మనిద్దరం రోజూ పోట్లాడుకుంటానే ఉన్నాం కదండీ. మనకి కాపీ ఎందుకు? ఆవిడది ముందు ఎక్కించండి."

"హరిబాబుగారికి మాటిచ్చాను."

"అయితే అడగండి. ఊరంతా వినేలా అరుస్తారు, ఒక్క మనిషిని అడగడానికి గొంతు రాదా?"

ఫోను చేశాడు. ఎప్పుడూ లేనిది, చేతిని నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడాడు. అవతల మార్కెట్టులో వేలం పాట వినిపిస్తోంది. సత్తియ్య పేరు వినగానే హరిబాబు పక్కకి జరిగినట్టున్నాడు, పాట దూరమైంది.

"మంచి జోడీ కట్టాడయ్యా" అన్నాడు చివరికి. "గేటు వరకు ఉంచుకో. గేటు దాటి లోపలున్నదేదీ నాకొద్దు, నీకూ వద్దు."

త్రిమూర్తులు రైసుమిల్లుని ఆపి, పక్కన పెట్టిన పెళ్ళిని లాక్కొచ్చి చిన్న డబ్బాలో వేశాడు. గేటు ఏ ముక్కలో ఉందో వెతకాలంటే తెరిచి చూడాలి, తెరవద్దన్నాడు మణిదీప్. మొత్తం ఎక్కించి, తరవాత గేటు దాటినదంతా తీసెయ్యాలనుకున్నాడు. గీత కదిలింది. మొగుడూ పెళ్ళాం దానికెదురుగా, కాన్పు గది బయట కూర్చున్నవాళ్ళలా కూర్చున్నారు. కాఫీ చల్లారిపోయింది.

అప్పుడు కరెంటు పోయింది.

బల్లకింద యూపీఎస్ కీచుమని అరిచి, గుటకలు మింగి, ఊరుకుంది. దాని బ్యాటరీ మార్చాలని కార్తీకం నుంచి కార్తీకానికి వాయిదా వేస్తున్నాడు త్రిమూర్తులు. ఫ్యాను తిరిగి తిరిగి ఆగింది. టక్కు టక్కు కూడా ఆగింది. ఇన్నాళ్ళూ ఆ చప్పుడు ఎప్పుడాగుతుందా అని చూసినవాడు ఆ నిశ్శబ్దంలో కూర్చోలేకపోయాడు.

కరెంటు తిరిగి వచ్చింది. కంప్యూటర్ రాలేదు.

*

మణిదీప్ కొత్త డిస్కు, తన ల్యాప్‌టాపు పట్టుకుని వచ్చేసరికి చిట్టెమ్మ అప్పటికే గుమ్మంలో ఉంది. ఆకుకట్ట పక్కన ఒక అరటిపళ్ళ హస్తం పెట్టుకుంది. సూర్యకళకని తెచ్చింది.

త్రిమూర్తులు ఆమెకెదురుగా మెట్టు మీద కూర్చున్నాడు. చెప్పడానికి మాటలు వెతుక్కోవలసి రావడం అతనికి అలవాటు లేని పని.

"పోయింది చిట్టెమ్మా. హరిబాబుగారిది ఎక్కిస్తుండగానే పోయింది. మొదట్లోనే ఎక్కించి ఉండవలసింది."

చిట్టెమ్మ తలాడించింది.

"పోనీండి. మీరు సూత్తానన్నారు. అదే సాలండి." పళ్ళు సూర్యకళ చేతిలో పెట్టింది. "సక్రకేళీ అండి. రేపటికి ముగ్గుతాయి." తువ్వాలుని చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుని, ఆకుకట్ట కోసం వంగింది. త్రిమూర్తులు లేచి ఆ కట్ట ఆమె తల మీదికి అందించాడు.

లోపల మణిదీప్ తన పనిలో ఉన్నాడు. "ఎక్కింది అనుకుంటే సరిపోదండి బాబాయ్‌గారూ, తెరిచి చూసుకోవాలి. ఒక్కొక్కదాంట్లో మొదటి ముక్క ఆడిస్తాను" అని చిన్న డబ్బా తగిలించి, పెనుగొండ షావుకారు గారి పెళ్ళి తెరిచాడు.

"సరిపోయిందాండీ?" అంది ఒక మగ గొంతు.

వీధిలోకి అడుగు పెట్టిన చిట్టెమ్మ ఆగింది. తల మీద కట్ట ఉంది కాబట్టి తల తిప్పలేదు. మనిషంతా తిరిగింది.

ల్యాప్‌టాపు తెర నిండా సత్తియ్య. షావుకారు గారి గేటు ముందు, తెలతెలవారే వెలుగులో, రెండు చేతులా తెల్ల తువ్వాలు గుండెలకెదురుగా విప్పి పట్టుకుని, సూటిగా కెమెరాలోకి చూస్తున్నాడు. వెనక త్రిమూర్తులు గొంతు, ఊరు లేచేలా: "ఇంకొంచెం ఎత్తు. ఆ. తెలుపు దొరికింది. మైకు చూడాలి, ఏదైనా మాట్లాడు."

త్రిమూర్తులుకి అప్పుడు గుర్తొచ్చింది. పెళ్ళింటికి తనకన్నా ముందొచ్చేవాడు ఒక్కడే. పురోహితుడు రాకముందు, వంటవాళ్ళు పొయ్యి రాజెయ్యకముందు, అరటిచెట్లు దింపుకుంటూ గేటు దగ్గర ఉండేవాడు. భుజాన ఉతికిన తువ్వాలుండేది. తెలుపు కావాలి, అది తెల్లగా ఉంది. గొంతు కావాలి, మనిషున్నాడు. రోజూ పళ్ళు తోముకున్నది ఎవడు గుర్తుపెట్టుకుంటాడు. ఆ టెస్టు ముక్కని పెళ్ళయ్యాక ఒక్కనాడూ తెరవలేదు. కత్తిరించాలంటే కూడా తెరవాలి కదా.

మణిదీప్ ధవళేశ్వరం పెళ్ళి తెరిచాడు. సత్తియ్య. "ఏం మాట్టాడనండి? వానొచ్చేలా ఉందండి. సరిపోయిందాండీ?" రైసుమిల్లు వారి పెద్దమ్మాయి పెళ్ళి. సత్తియ్య, నోట్లో అరటినార పట్టుకుని, తువ్వాలు వెనకనుంచి నవ్వుతూ. గొప్ప గొప్ప గేట్లన్నీ వరసగా వస్తున్నాయి. అన్నిటికీ ముందు సత్తియ్య నిలబడి ఉన్నాడు.

సూర్యకళ చిట్టెమ్మ తల మీద కట్ట తనే దింపి, ఆమెని కుర్చీలో కూర్చోబెట్టింది. చిట్టెమ్మ తెర దగ్గరికి మొహం పెట్టింది.

"నేనుతికిందేనండి అది" అంది తువ్వాలుని చూసి. "పెళ్ళిళ్ళకని సోడా ఏసి ఉడకబెట్టేదాన్ని. కట్టుకున్న పంచెకి అంత చాకిరీ లేదండి, దీనికి ఎందుకంటే చెప్పేవాడు కాదు."

కాసేపటికి అడిగింది. "హరిబాబుగారి గేటండి?"

మణిదీప్ త్రిమూర్తులుకేసి చూశాడు. "సగంలో ఆగింది కదండీ. చూస్తాను." ఆ ఫోల్డరు తెరిచాడు. అంత పెద్ద పెళ్ళిలోంచి ఒకే ఒక్క ముక్క వచ్చి ఉంది. మొదటిది. దాని తరవాత ఏమీ లేదు. కారు దిగడం లేదు, జీలకర్రా బెల్లం లేదు, తలంబ్రాలు లేవు. గేటు వరకే వచ్చి ఆగిపోయింది.

ఆడించాడు. సత్తియ్య కొంచెం చిక్కి ఉన్నాడు. కళ్ళ కింద జ్వరం కనపడుతోంది. తువ్వాలు మాత్రం మల్లెపువ్వులా ఉంది. అటూ ఇటూ అరటిచెట్లు, గెలలు లోనికొచ్చేవాళ్ళ మొహాలకెదురుగా.

"ఏం తెచ్చావు ఇవాళ?" అని త్రిమూర్తులు గొంతు.

"కర్పూర అరటండి. ఇది మా పెరట్లోదేనండి. నరకొద్దంది మా చిట్టెమ్మ, గెల ఇంకా లేతగుందని. పావనమ్మగారి పెళ్ళికి కాపోతే ఇంకెందుకే అన్నానండి. అలిగి కూకుంది. పిలకలుంచే నరికేనే అని చెప్పి వచ్చేను." దగ్గొచ్చింది. తువ్వాలు కదలకుండా మొహం పక్కకి తిప్పి దగ్గి, మళ్ళీ కెమెరాలోకి చూశాడు. "సరిపోయిందాండీ?"

"సరిపోలా" అంది చిట్టెమ్మ మెల్లగా.

ఆ తరవాత వచ్చే మాట ఏంటో త్రిమూర్తులుకి తెలుసు. అది తన గొంతు, ప్రతి గేటు దగ్గరా అరిచిందే. మణిదీప్ మీదుగా చెయ్యి చాచి, ఆ మాట వచ్చేలోపు ఆపేశాడు.

తెర మీద సత్తియ్య రెండు చేతులా తువ్వాలు పట్టుకుని, ఫ్రేము నిండా, అలాగే నిలబడి ఉన్నాడు.